పరపతి

మిష్కోల్త్స్‌లో రాత్రి పదకొండు దాటితే
ట్రాములన్నీ డిపోలో పడుకుంటాయి.
వంటింటి బల్ల మీద నా రాజ్యం లేస్తుంది.

ఆటలో నేను రాజుని. అరవై రెండేళ్ల ముసలి రాజుని.
నా పేరు పక్కన ఐదు కిరీటాలు, అది నా పరపతి.
సేనాధిపతుల పేర్ల పక్కన చిన్న చిన్న ఆకులు,
అవి వాళ్ల విశ్వాసం.
చానాద్‌కి ఎనిమిది. కెవెకి ఆరు.
దక్షిణపు కోటలో ఉన్న లోరాంద్‌కి రెండే.

రెండాకుల మనిషిని పెట్టుకుని
ఏ రాజుకి నిద్ర పడుతుంది?

బిరుదిచ్చాను. మూడైంది.
ఉప్పు గనులు రాసిచ్చాను. నాలుగైంది.
ఇక ఇచ్చేందుకు నా గుర్రం తప్ప మిగల్లేదు.

అప్పుడే ద్రావా ఒడ్డున నేను స్వయంగా ఓడిపోయాను.
తొందరపడి, పొగమంచులో,
దళాన్నంతా బురదలోకి తోలి.
నాకొక కిరీటం ఊడింది.
ఆ వెంటనే ప్రతివాడికీ ఒక్కో ఆకు రాలింది.
గాలి నా వైపు నుంచే వీచిందని
ఎందుకో తోచలేదు.
లోరాంద్ ముఖమే చూస్తూ కూర్చున్నాను.
ఆ బొమ్మకి ఒకటే ముఖం,
మెడ కొంచెం పక్కకి తిప్పి.
గెలిచినా అదే, నొచ్చుకున్నా అదే.

పొమ్మనలేక పొగబెట్టడం నాకు తెలుసు.
ఇరవయ్యేళ్ల ఉద్యోగం నేర్పింది.
నలభై మంది ఈటెగాళ్లనిచ్చి, చివికిన ఓడ ఎక్కించి,
జనవరి సముద్రం మీదికి పంపాను.
తుఫాను పని తుఫాను చేస్తుంది.
నా చేతికి తడి అంటదు.

ఓడ చేరింది.
తీరాన ఏదో చిన్న రేవు పట్టుకున్నాడని కబురు.
ఆటలో మూడేళ్లపాటు అతన్ని మళ్లీ తలవలేదు.

టీ కాచుకుంటుంటే రాజు పోయాడు.
యుద్ధంలో కాదు, వయసుతో.
చిన్న గంట మోగింది. అంతే.
గద్దె మీద ఇప్పుడు పద్దెనిమిదేళ్ల కుర్రాడు,
వాడికి ఒక్కటే కిరీటం, అదీ వదులుగా.

చానాద్‌కి మిగిలిన ఏడాకులూ ఒక్కరాత్రిలో రాలిపోయాయి.
అవి అతని కొమ్మకి పుట్టినవి కావు.
ఏ ఎండకా గొడుగు.
రాజధాని తలుపులు లోపలి నుంచి తెరుచుకున్నాయి.

కుర్రాడు తప్పించుకున్నాడు.
ఎలాగా అని వెనక్కి వెళ్లి చూస్తే,
రాతి వంతెన మీద పదకొండుమంది,
మధ్యలో మెడ కొంచెం పక్కకి తిప్పిన మనిషి.
ఎవరూ పిలవలేదు. నేనైతే పిలవలేదు.
ఎన్ని ఆకులున్నాయో చూద్దామని
మౌస్ అక్కడికి తెచ్చేలోగా
పేరు బూడిదరంగైంది.

పాత రోజుని మళ్లీ తెరవొచ్చు, ఆటలో.
వేలు ఆ మీట మీద పెట్టి
టీ చల్లారేదాకా కూర్చున్నాను.

నాలుగున్నరకి డిపో.
తొలి బండి ఎండ్రెది.
మూడు వారాలుగా వరసగా అతని పేరే రాస్తున్నాను.
సెప్టెంబరులో సంఘం సమావేశంలో లేచి
నా మీద ఏదో అన్నాడు.
ఏమన్నాడో నేను వినలేదు, నిజానికి.
బార్నబాష్ చెప్పాడు.
బార్నబాష్ నాకు రోజూ కాఫీ తెస్తాడు,
చక్కెర ఎంతో అడగకుండానే.

కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు ఎండ్రె.
టోపీ మీద మంచు.
"పన్నెండో బండిలో ఇసుక పెట్టె ఖాళీగా ఉంది.
నేను నింపేశాను.
పట్టాలు జారుతున్నాయి, మిగతావాళ్లకి చెప్పండి.
మీరూ చూసి నడవండి, గేటు దగ్గర గడ్డకట్టింది."

రేపటి డ్యూటీల కాగితం నా ముందుంది.
అతని పేరు పక్కన ఏమీ లేదు.
ఉత్త తెల్లటి జాగా.
అక్కడ కాసేపు చూసి
పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాను.